పదిహేడో పరిశీలన

పగలు నేను మండల సర్వేయర్ని.
ఒకరి గెట్టు ఇంకొకరి చేలోకి ఎన్ని సెంట్లు జరిగిందో
గొలుసు లాగి చెప్పడం నా ఉద్యోగం.
తెల్లవారుజాము మూడున్నరకు
పలమనేరు దాటి, కౌండిన్య అడివి అంచున,
మొగిలప్ప మంచె పక్కన దుర్భిణి నిలబెట్టి
గొలుసు అందనిదాన్ని కొలుస్తాను.

టమోటా చేను. ఏనుగుల కోసం ఆయన, తోకచుక్క కోసం నేను.
ఇద్దరికీ టీ మాత్రం సాలమ్మ కాచిందే.

తూర్పున చిత్తూరు వెలుగు, పసుపు మరకలా.
దాని పైన చిత్త. ఇంకా పైన, ఎడమకి, స్వాతి.
నడుమ ఎక్కడో
సున్నం వేలు గోడకి తుడిచినంత మసక.
"ఇంతేనా?" అన్నాడు మొగిలప్ప.
"మా నాయన చూసినదానికి చీపురంత తోకంట."
ఇంతే, అన్నాను.

ఇరవై సెకన్ల ఫోటో. చుట్టూ తెలిసిన నక్షత్రాలు నాలుగు,
అవే నా హద్దురాళ్లు.
వాటి నుంచి ఇది ఎన్ని కలలు, ఎన్ని వికలలు,
ఏ సెకనుకి.
దిక్కు తెలుస్తుంది, దూరం తెలియదు.
చీకట్లో ఎవరో పిలిచినట్టు.

నా కాలికింది రాయీ నిలకడగా లేదు.
మంచె, చేను, మొగిలప్ప బీడీ నిప్పు
నిన్నటికీ ఇవాళ్టికీ పాతిక లక్షల కిలోమీటర్లు జరిగాయి.
అట్లా జరగకపోతే
ఆ దూరం నాకెప్పటికీ చిక్కేది కాదు.
గెట్లు జరిగాయని నోటీసులిచ్చే దాన్ని,
జరిగే గెట్టుకి దండం పెట్టుకున్నాను.

"ఒగ అడుగు చూసి ఏనుగు యాడికి పోతాదో చెప్పేవాడు
అబద్ధాలకోరు, మేడమ్.
మూడు చూడాల.
అవీ పక్కపక్కనే ఉంటే ఏం లాభం? ఎడం ఉండాల."
నా పుస్తకంలో ఈ మాటకి పదకొండు పేజీలు.

మూడు రాత్రులకి మూడు చుక్కలు. గీత గీశాను.
ఎటు వంచితే అటు వంగింది.
నాలుగో రాత్రి నుంచి కార్తీకం వాన.
తొమ్మిది రాత్రులు దుర్భిణి గోనెసంచిలో,
నేను ఆఫీసులో, పక్కవాళ్ల తగాదాల్లో.

మబ్బు విడిచాక మళ్లీ లెక్క.
ఒకటికి తక్కువైతే తిరిగొస్తుంది.
దాటితే ఇక రాదు.
ఇది ఒకటి చుట్టూనే తచ్చాడుతుంది,
గడప దగ్గర చెప్పులు విప్పాలా వద్దా అనుకునే చుట్టంలా.
1.0004 అని వచ్చింది.
మొగిలప్పకి చెప్పలేదు ఆ రాత్రి.

పదిహేడో పరిశీలన నాడు ఏనుగులొచ్చాయి.
రెండు పెద్దవి, నడుమ ఒక చిన్నది.
డబ్బా మోత, టపాసులు, టార్చి, సాలమ్మ కేక.
షట్టరు తెరిచే ఉంది.
చూస్తే ఫోటో నిండా పొగ,
నేల అదిరి ప్రతి నక్షత్రమూ రెండయింది.
తోకచుక్కా రెండే.
ఏది వచ్చేదో ఏది పోయేదో.

పుష్యంలో, నలభై ఒకటి చేతికొచ్చాక,
0.9987.
"వస్తాది," అన్నాను. "ఇరవై ఎనిమిది వేల ఏండ్లకి.
రెండు వేలు అటో ఇటో."
మొగిలప్ప బీడీ దించాడు.
"రెండు వేల ఏండ్లు తప్పయినా మీకు చెల్లుతుందా?
సెంటున్నర తప్పుకి నన్ను ఆరేండ్లు తిప్పినారే, మీ ఆఫీసులో!"
నవ్వాను. ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది.

లెక్కలు పంపించాను, నలభై.
ఫీల్డు పుస్తకంలో, పదిహేడు ఎదురుగా, రిమార్కుల గడిలో:
ఏనుగుల వలన కంపము. లెక్కలో చేర్చలేదు.

ఆ పొద్దున వెలుగొచ్చాక
మొగిలప్ప తొక్కిన టమోటాల నడుమ గొంతుక్కూచుని
చిన్నదాని అడుగు చుట్టూ జానలు వేస్తున్నాడు.
చుట్టుకొలతకి రెండింతలు దాని ఎత్తట.
టేపు ఉందా, అని అడిగాడు.
సర్కారుదే, ఇచ్చాను.
నేలకి ముఖం ఆనించి చాలాసేపు చదివాడు,
అంకె చెప్పకుండా.